సాక్షి సంతకం

గోరంట్లలో నేను వెళ్లే బ్యాంకులో డబ్బు కట్టే కౌంటరుకు ఎడమపక్క గోడ మీద, మనిషి నడుమెత్తున, ఎప్పుడూ ఊదారంగు మరకలుంటాయి. వేలిముద్ర వేసినవాళ్లు ఇంకు తుడుచుకునే చోటు అది. పక్కనే గుడ్డపీలిక వేలాడదీసినా ఎవరూ దాని జోలికి పోరు. దసరాకు సున్నం కొట్టిస్తే దీపావళికి మళ్లీ ఊదా. 2011 జనగణనలో అప్పటి మా అనంతపురం జిల్లా ఆడవాళ్లలో చదవను రాయను వచ్చినవాళ్లు సగానికి కాస్త పైన అని తేలింది. దానికోసం అంతమంది ఇల్లిల్లూ తిరిగారు గాని, ఈ గోడ చూసినా తెలిసిపోయేది.

నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. పదో తరగతికి పాఠాలు చెబుతూ గ్రేడ్-2 జీతం తీసుకున్న జాతి మాది. స్కూల్ అసిస్టెంట్ అనిపించుకోవడానికి ఎన్ని ధర్నాలు చేశామో లెక్కలేదు. తీరా ఆ పేరు వచ్చేసరికి నాబోటివాళ్లు పింఛను వరసలో ఉన్నాం. ఆ పింఛను కోసం బ్యాంకుకు పోయిన మొదటి నెలలో ఒకామె ఫారం చేతికిచ్చి "రాసిపెట్టు సామీ" అంది. రాసిపెట్టాను. ఆమె వెనక ఇంకొకామె. అప్పటి నుంచి పదేళ్లుగా వారానికి మూడురోజులు అక్కడి బెంచీ మీదే నా కొలువు. జేబులో రెండు పెన్నులు, కళ్లద్దాలు, గుండుసూదులు. ఫారం నింపడం, బొటనవేలు పట్టి ముద్ర వేయించడం, పక్కన సాక్షి సంతకం పెట్టడం. డబ్బు తీసుకోను. కాఫీ ఇప్పిస్తే తాగుతాను.

నా సాక్షి సంతకాలు ఎక్కువ తిన్న మనుషుల్లో ఒకామె ఉంది. చిత్రావతి అవతలి పల్లె. పొదుపు సంఘం అప్పు, ఉపాధి కూలి, పంట బీమా, మొగుడు పోయాక వచ్చిన వితంతు పింఛను, దేనికైనా ఆమె వేలు, నా సంతకం. ఆమె పేరులో ఉన్నవి ఆరక్షరాలు. ఆ ఆరక్షరాలూ ఇన్నిసార్లు రాశాను కాబట్టి ఇప్పుడు నా పేరు కంటే గుండ్రంగా వస్తాయి.

ఆమె కొడుకు నా శిష్యుడే. హైస్కూల్లో ఛందస్సు చెబుతుంటే వేళ్లమీద గణాలు లెక్కపెట్టి, నేను బోర్డు మీద చేసిన తప్పు పట్టుకున్నవాడు. ఆ రోజే అన్నాను, నువ్వు తెలుగు పంతులు కావాలిరా అని. వాడి జతగాళ్లు కొందరు పెనుకొండ దగ్గర కియా కంపెనీలో చేరారు, కొందరు బెంగళూరు బస్సెక్కారు. వీడు మాత్రం నా మాట పట్టుకొని డిగ్రీలో తెలుగు చదివి, బీఈడీలో చేరాడు. సోషల్‌తో పాటు తెలుగు మెథడ్. కన్వీనర్ కోటా సీటు కాబట్టి ఫీజు ప్రభుత్వానిది. అది లేకుంటే శెనిక్కాయ చేను నమ్ముకున్న ఇంట్లో బీఈడీ మాట ఎత్తేవాళ్లే లేరు.

ఫీజు రీయింబర్స్‌మెంటు అని మొదలైన ఆ పథకం అప్పటికి జగనన్న విద్యాదీవెన. హాస్టలు ఖర్చులకు వసతి దీవెన వేరే, డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000, రెండు విడతల్లో. మొదట ఫీజు డబ్బు నేరుగా కాలేజీకి పోయేది. 2021 నుంచి తల్లి ఖాతాలో వేస్తాం, ఆమే పోయి కడుతుంది, కాలేజీ ఎట్లుందో కూడా చూస్తుంది అన్నారు. ఆలోచన నాకు నచ్చింది. దాని మీద కోర్టుల్లో కేసులు కొంత నడిచాయి. 2023 చివర్లో తల్లీ బిడ్డా కలిసి ఉమ్మడి ఖాతా తెరవాలన్నారు. చదివేది కొడుకు, తీసుకునేది కాలేజీ, ఇచ్చేది ప్రభుత్వం. నడుమ వేలు మాత్రం అమ్మది.

ఆ వేలి దగ్గరే చిక్కంతా.

అది 2024 జనవరి. సంక్రాంతి మరుసటి రోజు ప్రధాని లేపాక్షి గుడి చూసుకొని, మా మండలంలోనే పాలసముద్రం దగ్గర కట్టిన నాసిన్ అకాడమీని ప్రారంభించి పోయారు. కస్టమ్స్, జీఎస్టీ పెద్ద అధికారులు అక్కడ శిక్షణ పొందుతారట. ఊరంతా ఇంకా ఆ హెలికాప్టర్ల గురించే మాట్లాడుకుంటున్న వారంలో వీళ్లిద్దరూ బ్యాంకు మెట్లెక్కారు. కొడుకు భుజాన సంచి. తల్లి కొంగు తలమీద, మొహాన మూడురోజుల అలసట.

"వేలు పడల్యా సారూ," అంది కూర్చుంటూనే, కూలి దొరకలేదన్నట్టు.

ముందు గ్రామ సచివాలయంలో చూశారు. ఈకేవైసీ మిషన్ మీద బొటనవేలు పెట్టింది, ఎర్రలైటు. చూపుడువేలు, ఎర్రలైటు. చెయ్యి కడుక్కొని రమ్మన్నారు. కడుక్కొచ్చింది. తల నూనె రాసి తుడవమన్నారెవరో. నిమ్మకాయతో రుద్దితే గీతలు తేలతాయన్నారు ఇంకెవరో. రుద్దింది. వేళ్లు మండాయి గాని గీతలు తేలలేదు. కన్ను చూసే మిషన్ పెట్టమంటే అది మూలపడి ఉందన్నారు. రెండోరోజూ అదే. మూడోరోజు పదివేళ్లూ వరసగా పెట్టిస్తే, కుడిచేతి ఉంగరపువేలిని మిషన్ కనికరించింది. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆమె ఆ వేలిని వేరే మనిషిని చూపించినట్టు చూపించింది.

వేళ్లు ఎందుకు అరిగాయో ఈ సీమలో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. బోరు కింద రబీ శెనిక్కాయ వేసేవాళ్లకు విత్తనం చేత్తోనే ఒలవాలి. మిషన్‌కు పోస్తే పప్పు చీలుతుంది, పొర ఊడుతుంది, మొలక రాదు. కాయను బొటనవేలి కొనతో నొక్కితే టప్పుమని విచ్చుకోవాలి. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా టప్పు, టప్పు. నెలరోజులు ఒలిస్తే బొటనవేలు గాజుపెంకు మాదిరి నున్నగా తయారవుతుంది. అది ముగిసేలోపు చింతపండు వస్తుంది. గింజ తీసే పనిలో మిగతా వేళ్లూ అయిపోతాయి. ఆధార్ తయారుచేసినవాళ్లలో ఒక్కరన్నా ఒక్క పూట శెనిక్కాయలు ఒలిచి ఉంటే వేలి మీద ఇంత భారం పెట్టి ఉండేవాళ్లు కాదని నా అనుమానం.

బ్యాంకులోనూ అదే కథ. మిషన్ ఒప్పుకోలేదు. ఆ ఉంగరపువేలు కూడా ఈసారి మొండికేసింది. మేనేజరు మంచి పిల్లోడు, తమిళనాటివాడు. కాసేపు చూసి, "కాగితం మీద వేయించండి, ఎప్పటిలాగే సాక్షి సంతకం పెట్టండి, నేను చూసుకుంటా" అన్నాడు. ఉమ్మడి ఖాతా ఫారం నాలుగు పేజీలు. ఆమె పేరు ఏడుచోట్ల రాశాను. ఊదా ఇంకు ప్యాడ్ తెప్పించి, ఆమె ఎడమచేతి బొటనవేలు పట్టుకొని ఏడుచోట్ల అద్దించాను. ఆ నున్నదనానికి ముద్రలన్నీ ఇంకు మచ్చల్లాగే పడ్డాయి. పక్కన ఏడు సాక్షి సంతకాలు. కొడుకు తన చోట ఇంగ్లీషులో గిలికాడు. తెలుగు మెథడ్‌వాడివి, తెలుగులో పెట్టలేవురా అంటే, "అన్నిచోట్లా అట్లే పెడతాండా సార్" అన్నాడు.

(ఇంతా చేస్తే ఆ ఏడే ప్రభుత్వం మారింది. దీవెన పేరూ పోయింది, డబ్బు మళ్లీ నేరుగా కాలేజీకే అన్నారు. ఆ ఖాతా అట్లే ఉంది.)

పని ముగిసింది. ఆమె లేచి గోడ దగ్గరికి పోయి వేలు తుడుచుకుంది. అప్పుడు వాడు సంచిలోంచి అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి తీశాడు.

"సార్, మీ సంతకం ఇంకొకటి కావాల. సోమవారం రికార్డు పెట్టకపోతే ఇంటర్నల్స్ కట్ చేస్తారు."

బీఈడీ రికార్డుల సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. లెసన్ ప్లాన్లు, పరిశీలన రికార్డు, అదీ ఇదీ, చదివే రెండేళ్లలో సగం వీటికే పోతుంది. కొనుక్కునేవాళ్లు కొనుక్కుంటారు. వీడు కొనే రకం కాదు, కొనే డబ్బూ లేదు. కాలేజీ పేరు చెప్పను. ఏ కాలేజీ అయినా ఇదే వరస. అట్ట మీద రంగు పెన్నులతో రాసుంది: "సామాజిక సేవ: ఒక నిరక్షరాస్యురాలికి అక్షరాలు నేర్పుట." చదువురాని పెద్దల కోసం కేంద్రం ఉల్లాస్ అని ఒక కార్యక్రమం నడుపుతోంది. టీచరు శిక్షణలో ఉన్నవాళ్లు కూడా అందులో నేర్పవచ్చు. మంచి పద్ధతే. రేపు అరవైమంది పిల్లలకు చెప్పబోయేవాడు ఇవాళ ఒక మనిషికి చెప్పి చూపాలి కదా.

తెరిచాను. మొదటి పేజీలో అభ్యాసకురాలి వివరాలు. పేరు దగ్గర ఆ ఆరక్షరాలు.

పేజీలు తిప్పుతూ పోయాను. ముప్పై పాఠాలు. నిజం చెప్పాలంటే నా సర్వీసులో అంత మంచి రికార్డు చూడలేదు. అఆల దగ్గర మొదలుపెట్టలేదు వాడు. ఆమె నోట్లో రోజూ ఆడే మాటలతో మొదలుపెట్టాడు. కాయ, కొడవలి, కూలి. మొదటి రోజు, అభ్యాసకురాలు బలపం పట్టడానికి సిగ్గుపడింది అని రాశాడు. నాలుగో రోజు 'ర' రాయబోతే తలకట్టు మర్చిపోయింది. తొమ్మిదో రోజు 'ద'కు 'ధ'కు తేడా అడిగింది. పదిహేనో రోజు బస్సు బోర్డు మీద గోరంట్ల అని తనంతట తాను చదివి, బస్సు పోయిందాకా చూస్తూ నిలబడింది. ప్రతి పేజీలో కుడివైపు ఆమె చేతిరాత నమూనా. మొదట వంకర టింకర, గీత దాటిపోయే అక్షరాలు. ఇరవైకల్లా కాస్త కుదురు. ముప్పైకి నిలకడ. ప్రతి పేజీ అడుగున అభ్యాసకురాలి సంతకం, తెలుగులో.

ఆఖరి పేజీలో నాకు చోటు వదిలాడు: "పై అభ్యాసకురాలు చదవడం, రాయడం నేర్చుకున్నదని ధ్రువీకరించడమైనది. స్థానిక విశ్రాంత ఉపాధ్యాయుని సంతకం."

వాడి మొహంలోకి చూశాను. వాడు ఫ్యాను వైపు చూశాడు.

"ఎడమచేత్తో రాసినా సార్," అన్నాడు మెల్లగా. "మొదట్లో. తర్వాత తర్వాత కుడిచేతికి మార్చినా."

ఇంత బాగా ఊహించినవాడు నేర్పి ఉంటే ఎంత బాగా నేర్పేవాడో! అదే అడిగాను. ముప్పై రోజులు కాదు, ఆరక్షరాలు, ఆరు రాత్రులు. ఈ మూడురోజుల తిప్పలైతే తప్పేవి కావు గాని, ఫారం మీద సంతకమన్నా పెట్టుకునేది కదరా, కన్నతల్లి కదరా అన్నాను. గొంతు లేచినట్టుంది, కౌంటరు దగ్గరివాళ్లు తిరిగి చూశారు.

వాడు తల వంచుకున్నాడు. మర్యాద తప్పని పిల్లోడు. చాలా మెత్తగా అన్నాడు:

"టీచింగ్ ప్రాక్టీసు, హాస్టలు, బస్సు... టైము దొరకల్యా సార్. ఈ ఫారాలన్నీ పదేండ్లుగా మీరే గదా సార్ నింపుతాండేది."

నాకు మాట రాలేదు. బెంచీ మీద నా రెండు పెన్నులూ ఉన్నాయి.

ఆమె గోడ దగ్గర్నించి వచ్చి నా పక్కన కూర్చుంది. "ఏం పుస్తకం సారూ? వాడు రాత్రిళ్లు కూసోని రాస్తాంటే కరెంటు బిల్లు యాడ కట్టేదిరా అని తిడ్తాంటి." చెయ్యి చాపింది. ఇచ్చాను. ఆఖరి పేజీ తెరిచి ఉన్నదాన్ని అట్లాగే ఎడమచేత్తో పట్టుకొని, చంటిబిడ్డ మొహం చూసినట్టు దగ్గరికి తీసుకొని చూసింది. వెనక్కి నాలుగు పేజీలు తిప్పింది. మళ్లీ ముందుకొచ్చింది.

"బొమ్మలు ల్యావే," అంది. కొంచెం ఆగి, "ఇదేంది సారూ, కింద, అన్ని కాయితాల్లోనూ ఒగే మాదిరి ఉండాది?"

కొడుకు సంచి జిప్పు వేస్తున్నాడు, తీస్తున్నాడు.

"నీ పేరమ్మా," అన్నాను.

"నా పేరా!"

ఆమె దాని మీద బొటనవేలు ఆనించింది. మొదటి అక్షరం మీద మొదలుపెట్టి చివరిదాకా తాకీ తాకనట్టు మెల్లగా జరిపి, అక్కడ నొక్కి ఆపింది.

"ఇంత పొడుగుంటాదా సారూ నా పేరు?"

పుస్తకం నా ఒళ్లో పెట్టి, బస్సు టైమైందని కొంగు దులుపుకుంటూ లేచింది.

వాడు గబుక్కున వంగి చూసి, "అయ్యో, పేజీ పాడైపాయ సార్" అన్నాడు. ఆ చక్కటి సంతకం కొసన ఊదా ముద్ర. గోడ తాగగా మిగిలిన పలచటి ఇంకు కదా, ఎక్కడా అలుక్కోలేదు. మిషన్‌కు మూడురోజులు కనపడని గీతలు, ఇందాక నేను ఏడుసార్లు అద్దించినా పడని గీతలు, వాన పడ్డ మర్నాడు దున్నిన చేను సాళ్ల మాదిరి ఒక్కొక్కటి విడివిడిగా లేచి కనపడుతున్నాయి.

"రేపు ఇంకో పేజీ రాసి అతికించుకొస్తా సార్."

"అక్కర్లేదురా," అని పెన్ను మూత తీశాను. వాడు వేలు పెట్టి చూపిన చోటే, పదేళ్లుగా నా చెయ్యి అలవాటుగా రాస్తున్న వాక్యం రాశాను.

"పైన వేసిన ఎడమచేతి బొటనవేలి ముద్ర ఈమెదే. నా యెదుట వేసినది."

కింద సంతకం పెట్టి, తేదీ వేశాను.