గొలుసు పద్యానికి టీకా తాత్పర్యములు

ఆ. గొలుసు లాగబోయి కుర్రాడు నలుపెక్కె
ఎండ జారి నీడ యెదురుదిరిగె
ఒక్క టేకు మరల నోయన్న మిత్రుని
మాట నమ్మి పగలు మాసిపోయె

అవతారిక: మెచ్చిన సినిమాలోంచి ఒక సీను ఎంచుకుని ఉన్నదున్నట్టు మళ్లీ తీసుకురండని సినిమా కోర్సు పిల్లలకు పంతులుగారు పురమాయించారు. వాళ్లు 'మాయాబజార్' లడ్డూల జోలికి పోకపోవడం వివేకమే. 'శివ' (1989)లో నాగార్జున సైకిల్ చైను తెంపే సీను పట్టుకున్నారు. రామ్ గోపాల్ వర్మకూ అదే తొలి సినిమా గనక పోలిక కుదిరిందనుకున్నారు. ఆయన పక్కన కెమెరాతో ఎస్. గోపాలరెడ్డి ఉన్నాడన్న సంగతి మరిచారు.

టీక: లాగబోయి = నటించమంటే నిజంగానే లాగి; నలుపెక్కె = మోచేతిదాకా గ్రీజు పూసుకొనెను; నీడ యెదురుదిరిగె = ఒక షాటులో ఎడమకును, దాని పక్క షాటులో కుడికిని పడెను; ఒక్క టేకు = ఎన్ని టేకులైనను (ఏకవచనము బహువచనార్థకము); మిత్రుని = నిన్నటిదాకా పక్క బెంచీవాడు, నేడు దర్శకుడు.

తాత్పర్యం: స్పష్టమే.

విశేషాలు: చైను చేత్తో లాగితే తెగదు. సైకిల్ షాపులో లాకు తీయించి, విడిపోయిన కొసలు కెమెరాకు కనపడకుండా పళ్లచక్రం వెనక దాస్తే ఒక్క గుంజుకు ఊడి వస్తుంది. ఇది తెలిసేసరికి హీరో అరచేతులు కందిపోయాయి.

నీడల దోషానికి ప్రాయశ్చిత్తం కలదు. వైడ్ షాట్లన్నీ ఎండ మారకముందే వరసగా తీసేసి, క్లోజప్పులు చెట్టుకిందికి మోసుకుపోవాలి. పిల్లలు దీన్ని తలకిందులుగా చేశారు.

దెబ్బలాటంతా వైడ్‌లోనే తీశారు. ఎడిటింగ్‌లో చూసుకుంటే కోలాటం ఆడుతున్నట్టుంది. అప్పుడు అసలు సీనును ఒకసారి శబ్దం ఆపి చూశారు, మరోసారి బొమ్మ వైపు చూడకుండా విన్నారు. చెయ్యి చైను మీద పడ్డప్పుడే చూసేవాడి ఒళ్లు బిగుస్తుందనీ, దెబ్బ పడేవేళకు సగం పని అయిపోయి ఉంటుందనీ తేలింది. ఈ వ్యాఖ్యాత మతంలో ప్రాజెక్టు మొత్తానికీ మార్కులు వేయదగ్గ ఘట్టం ఇదొక్కటే.

ఇళయరాజా నేపథ్య సంగీతం అరువు తెచ్చుకుంటే సీను నిలబడేదే. పంతులుగారు ఆ దారి మూసేశారు. ఫోనులో చైను చప్పుడు పడనే లేదు. ఆటో హారన్లు మాత్రం శ్రావ్యంగా పడ్డాయి. రాత్రి హాస్టల్ బాత్‌రూములో అదే చైనును సిమెంటు గచ్చు మీద ఈడ్చి, గోడకేసి కొట్టి, చప్పుడు వేరుగా పట్టి అతికించారు. పక్క గదులవాళ్లు తలుపులు వేసుకున్నారు. సీనుకు పడ్డ మొదటి నిజమైన రెస్పాన్సు అదే.

సైకిలు ఎవరిదన్న ప్రశ్నకు మూలంలో సమాధానం లేదు. అది హాస్టల్ వాచ్‌మన్‌దనీ, ఆ సాయంత్రం ఆయన దాన్ని తోసుకుంటూ ఇంటికి వెళ్లాడనీ, పొద్దున్నే వచ్చి "చైనెక్కడ బాబూ?" అని అడిగింది హీరోను కాదు, దర్శకుణ్ణేననీ వ్యాఖ్యాతలందరికీ ఏకాభిప్రాయం.