నాకు ప్లగ్గు లేదు

నేను మూడు లీటర్ల అల్యూమినియం ప్రెషర్ కుక్కర్‌ని. రాజమండ్రిలో ఒక సామాన్ల కొట్లో పెద్దావిడ నన్ను వేలి గణుపులతో తట్టి చూసి, మూత పదే పదే తిప్పి, బేరం కుదరక గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి కొన్నారు. కూతురు ఇంగ్లండు కాపురానికి బయల్దేరుతుంటే నా కడుపులో కందిపప్పు కూరి, చుట్టూ తువ్వాలు చుట్టి సూట్‌కేసులోకి దించారు. విమానంలో 23 కిలోలే ఇస్తారు కాబట్టి ఏ గిన్నే ఖాళీగా ప్రయాణం చెయ్యకూడదన్నది ఆవిడ లెక్క.

బర్మింగ్‌హామ్‌లో చాలా ఏళ్ళు వంటిల్లు నాదే. తర్వాత వీళ్ళు ఇల్లు మారారు. కొత్తింట్లో ఇండక్షన్ పొయ్యి. అయస్కాంతం అంటుకునే గిన్నె పెడితేనే అది వేడెక్కుతుంది. నాది అచ్చం అల్యూమినియం ఒళ్ళు, ఎంతసేపు కూర్చోబెట్టినా చల్లగానే ఉన్నాను. ఆ వారంలోనే ఎలక్ట్రిక్ కుక్కర్ దిగింది. దాని ముఖం నిండా బటన్లే, నోట్లో మాత్రం విజిల్ లేదు. పప్పు ఉడికిందని పీపీమని నసుగుతుంది. నన్ను గరాజ్‌లో పెయింటు డబ్బాల పక్కన పెట్టి, నాలో మేకులూ మరలూ పోశారు. కందిపప్పు మోసిన కడుపులో మరలు! సరే, ఆ సంగతి వదిలేద్దాం.

నన్ను మళ్ళీ వెలుగులోకి లాగింది ఒక పడవ. పెద్దావిడ వేసవికి కూతురింటికి వచ్చారు. అల్లుడుగారు లాంగోలెన్ కాలువ మీద వారం రోజులకు నేరోబోట్ అద్దెకు తీసుకున్నారు, శనివారం నుంచి శనివారం దాకా. నడపడానికి లైసెన్సు అక్కర్లేదు, మనమే చుక్కాని పట్టుకోవచ్చు, వేగం గంటకు నాలుగు మైళ్ళు దాటకూడదు. ఈ మూడు ముక్కలూ ఆయన ఇంట్లో అందరికీ విడివిడిగా చెప్పారు. పడవల యార్డు వాళ్ళు పంపిన సామాన్ల జాబితాను అమ్మాయి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. అందులో ఒక వాక్యం నా జాతకం మార్చింది: హెయిర్ డ్రైయర్, టోస్టర్, ఎలక్ట్రిక్ కెటిల్ లాంటివి తేవద్దు.

పడవలో కరెంటంటే బ్యాటరీలే. ఇంజను తిరుగుతున్నప్పుడు అవి నిండుతాయి. దీపాలు, నీళ్ళ మోటారు, చిన్న ఫ్రిజ్ అన్నీ 12 వోల్టుల మీద నడుస్తాయి. ఇన్వర్టర్ ఉన్నా ఫోన్లకూ టీవీకీ సరిపోతుందంతే. నీళ్ళు మరిగించే వస్తువేదైనా తగిలిస్తే బ్యాటరీలు గుడ్లు తేలేస్తాయి. గట్టుకు కట్టేశాక రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఇంజను వెయ్యకూడదు కూడా, పక్క పడవల వాళ్ళు పడుకోవాలి కదా. వంట మాత్రం గ్యాసు మీదే, ముక్కు భాగంలో ప్రొపేన్ సిలిండర్లుంటాయి.

అంటే ఎలక్ట్రిక్ కుక్కర్ రాదు. మిక్సీ రాదు. రైస్ కుక్కర్ రాదు.

"గ్యాసు పొయ్యా? మరి నేనిచ్చిన కుక్కరేదే?" అన్నారు పెద్దావిడ.

అమ్మాయి గరాజ్ వైపు నడిచింది. మరలు బోర్లించి నన్ను సింకులో పెట్టగానే పెద్దావిడ నా మూత తిప్పి, గాస్కెట్‌ను గోటితో నొక్కారు. రబ్బరు బిగుసుకుపోయింది, వంచితే సన్నటి పగుళ్ళు కనిపించాయి. "ఇది ఆవిరి పట్టదు, కొత్తది తెప్పించు" అన్నారు. వెయిట్ గొట్టంలో సూది దూర్చి, వెలుతురుకు ఎత్తి అవతలి పక్క కనిపిస్తోందో లేదో చూశారు. సేఫ్టీ వాల్వు మార్పించారు. ఇండియన్ షాపులో గాస్కెట్లు రెండు కొన్నారు, ఒకటి వాడకానికి, ఒకటి దాపుకు. ఇంట్లో గ్యాసు లేదు కాబట్టి ట్రయలు పెరట్లో, క్యాంపింగ్ స్టవ్ మీద. ఇన్నేళ్ళ తర్వాత మొదటి కూత వేసేసరికి పక్కింటాయన కంచె మీంచి తొంగి చూశాడు. సిగ్గు పడలేదు నేను, ఇంకో రెండు వేశాను.

ఇక సర్దుడు. అల్లుడుగారు మేడ మీంచి ఇండియా ప్రయాణాల పెద్ద పెట్టెలు దించారు. చక్రాలవి, గట్టి అంచులవి. అమ్మాయి వాటిని చూసి టేపు తెచ్చింది. నేరోబోట్ వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. గోడల మందం పోను లోపల మిగిలేది ఆరడుగుల చిల్లర, అందులోనే మంచం, నడవ, వంటిల్లు. పొడుగు మాత్రం అరవై అడుగులకు కాస్త తక్కువ. ఆ పెట్టెలు ఖాళీ చేశాక పెట్టేందుకు చోటుండదు, వారమంతా వాటిని దాటుకుంటూ తిరగాలి. మడిస్తే చిన్నదైపోయే గుడ్డ బ్యాగులైతే మంచం కింద సొరుగులోకి దూరతాయి.

ఇంత ఇరుకెందుకని, బయల్దేరాక కార్లో మనవరాలు పుస్తకం తీసి చదివింది, నేను ఆ పిల్ల కాళ్ళ దగ్గరే ఉండి విన్నాను. 1766లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ తవ్వకం మొదలుపెట్టిన ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. పడవను ఎత్తే, దించే లాకు ఎంత వెడల్పైతే దాన్ని నింపడానికి అన్ని నీళ్ళు కావాలి, కట్టడానికి అంత డబ్బు కావాలి. అందుకని ఏడడుగులు చాలన్నాడు. 1777లో కాలువ పూర్తయ్యేనాటికి ఆయన లేడు గానీ ఆ కొలత మిగిలింది. మిడ్‌లాండ్స్‌లో తర్వాత వచ్చిన చాలా కాలువలు ఆ కొలతకే కట్టారు. అల్లుడుగారి పెద్ద పెట్టెను మేడెక్కించింది ఆయనేనన్నమాట. బొగ్గూ పింగాణీ మోసిన రోజుల్లో పడవ పొడుగంతా సరుక్కేనట. వెనకాల పదడుగుల గదిలో సంసారమంతా కాపురం ఉండేదట, బొగ్గు పొయ్యితో సహా. ఆ పొయ్యి దగ్గర గిన్నెలెలా సర్దేవారో చూడాలని నాకు మహా కోరిక.

పెద్దావిడకు ఇవేవీ వింతగా అనిపించలేదు. ఆవిడ పుట్టిల్లు ధవళేశ్వరం దగ్గర. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువల మీద లాకులు కట్టి పడవలు నడిపారు. చిన్నప్పుడు ఆవిడ పెళ్ళిళ్ళకు పడవెక్కి వెళ్ళిన మనిషి. లాకులోకి పడవ రాగానే పొయ్యి మీద గిన్నె దించెయ్యాలని, నీళ్ళు వదిలినప్పుడు పడవ ముందుకూ వెనక్కూ గుంజుతుందని ఇంట్లో కూర్చునే చెప్పారు. యార్డు వాళ్ళ కాగితంలో ఈ సంగతి లేదు. అందుకే నేను కాగితం కన్నా ఆవిడ మాటే నమ్ముతాను.

మళ్ళీ సర్దుడుకొస్తే, గాజు సీసాలన్నీ ఆవిడే ఏరి పక్కన పెట్టేశారు. పడవ గట్టును తాకితే అలమర తలుపు తెరుచుకోవచ్చు, ఆవకాయ సీసా నేల మీద పగిలితే ఆ ఇరుకులో తుడిచేదెవరు? అన్నీ మరమూతల ప్లాస్టిక్ డబ్బాల్లోకి మారాయి. మిక్సీ రాదు కాబట్టి కందిపొడి, కరివేపాకు పొడి, కొబ్బరిపొడి ముందే కొట్టారు. ఇడ్లీ పిండి తెద్దామని అల్లుడుగారు ఆశగా అడిగితే, ఫ్రిజ్ చిన్నదనీ, పిండి పొంగితే పడవంతా పులుపు వాసనేననీ అమ్మాయి కొట్టిపారేసింది. బొంబాయి రవ్వ ఇంట్లోనే వేయించి తెచ్చుకున్నారు. మొదటి రోజు పడవ చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఆ పూట వంటింటి జోలికి పోకుండా పులిహోర. మూడో రోజుకు ఎల్స్‌మియర్ ఊరు వస్తుంది, కూరగాయలు అక్కడే కొనొచ్చు. వారానికి సరిపడా ఉల్లిపాయల సంచి తెద్దామన్న అల్లుడుగారి మాట అక్కడితో ఆగిపోయింది.

బట్టల దగ్గర పెద్దావిడతో చిన్న యుద్ధమే జరిగింది. లోపల కూర్చున్నంతసేపూ చీరే. బయట లాకు గట్టు మీదైనా, పడవ అంచున పాదమంత వెడల్పుండే మెట్టు మీదైనా సల్వారూ, జారని అడుగున్న బూట్లూ. చెప్పులు ఇంట్లోనే వదిలేశారు. వాన కోట్లు అందరికీ, ఆగస్టైనా సరే. తడి తాళ్ళు లాగితే అరచెయ్యి ఒలిచిపోతుందని గ్లవ్స్ నాలుగు జతలు. రాత్రి గట్టు మీద నడవడానికి టార్చిలైట్లు. లైఫ్ జాకెట్లు యార్డు వాళ్ళే ఇస్తారు, అందరి బరువూ ముందే రాసి పంపాలి. పెద్దావిడ తన బరువు చెప్పలేదు, అమ్మాయే ఊహించి రాసింది. తాళంచెవులకు కట్టే కార్కు బిళ్ళ, అది ఉంటే నీళ్ళలో పడ్డా తేలుతుంది. ఇవన్నీ అయ్యాక పెద్దావిడ ఎవరూ చూడకుండా ఒక ప్లాస్టిక్ మగ్గు తెచ్చి తన బ్యాగు అడుగున పెట్టారు. ఆ మగ్గు విలువేమిటో రెండో రోజు పొద్దున్నకే ఇంటిల్లిపాదికీ తెలిసింది.

నేను మాత్రం ఖాళీగా వెళ్ళలేదు. నాలో కందిపప్పు పొట్లం, చిన్న పోపుల డబ్బా, లైటరు, దాపు గాస్కెట్. వెయిట్‌ను జేబురుమాల్లో మూటగట్టి పిడికి ముడేశారు. దారిలో అది పడిపోతే నేను ఉత్త గిన్నెనే.

విట్‌చర్చ్ దగ్గర యార్డులో ఒకతను పడవ అప్పజెప్పాడు. అల్లుడుగారు మొదటి నిమిషం నుంచీ ఫోన్లో వీడియో తీశారు, అది చాలా మంచి పనైంది. తర్వాత వారమంతా ఏ సందేహం వచ్చినా అదే చూసుకున్నారు. నీళ్ళ ట్యాంకు రోజూ నింపుకోవాలి, కుళాయిల దగ్గర పెట్టె తెరిచే తాళంచెవి ఇదీ. లాకు తూములు తిప్పే ఇనప హ్యాండిళ్ళు రెండు, వీటిని చక్రం మీద వదిలేసి వెళ్ళొద్దు. పడవను నడిపే ఫ్యానుకు నాచో గుడ్డో చుట్టుకుంటే వెనకాల ఈ మూత తీసి చేత్తో లాగాలి, అంతకుముందు ఇంజను ఆపి తాళం బయటికి తియ్యాలి. లాకులో దిగేటప్పుడు గట్టు మీది తెల్లగీతకు ముందుకే ఉండాలి. దాని వెనక నీళ్ళ కింద రాతి అరుగుంటుంది, పడవ తోక దాని మీద చిక్కితే ముక్కు కిందికి పోతుంది. ఎదురు పడవ వస్తే కుడివైపు తప్పుకోవాలి. మలుపుల దగ్గర, వంతెనల దగ్గర, సొరంగాల ముందు హారన్ కొట్టాలి.

అతని కళ్ళు చివరికి నా మీద పడ్డాయి. పప్పు వండే కుక్కరని అమ్మాయి చెప్పింది. అతను నన్ను చేతిలోకి తీసుకుని బరువు చూసి, పొయ్యి మీద పెట్టి కుదురుగా కూర్చుందో లేదో చూశాడు. ఆవిరి పట్టకుండా కిటికీ తెరిచి వండమన్నాడు. పెద్దావిడ అప్పటికే తలుపు కింద చల్లగాలి వచ్చే కంతను తువ్వాలతో మూసేసి ఉన్నారు. అతను నవ్వకుండా వంగి ఆ తువ్వాలు తీసి ఆవిడ చేతికిచ్చాడు. పొయ్యి, హీటరు ఉన్న పడవలో ఆ కంతలు మూస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మనుషులు నిద్రలోనే పోతారు. గోడ మీద అలారం బటన్ నొక్కి మోత వినిపించాడు. పెద్దావిడ ఆ తువ్వాలను ఇంకెప్పుడూ అటు తీసుకెళ్ళలేదు, శాలువా కప్పుకున్నారు.

పడవ పొయ్యి మీద అప్పటికే ఒక కెటిల్ ఉంది, గ్యాసు మీద మరిగే పాతకాలం రకం. దానికీ విజిలుంది! పెయింటు డబ్బాల పక్కన ఇన్నాళ్ళు గడిపిన నాకు అయినవాళ్ళు కనిపించినట్టయింది. దాని గొంతు సన్నం, నాది లావు.

మర్నాడు ప్రయాణంలోనే వంటకు పూనుకున్నారు. విట్‌చర్చ్ నుంచి లాంగోలెన్ దాకా రెండే లాకులు, న్యూ మార్టన్ దగ్గర, అవి ఇంకా చాలా దూరం. నీళ్ళు లాంగోలెన్ వైపు నుంచి మెల్లగా ఎదురు పారుతుంటాయి, పడవ తాపీగా పోతోంది. పెద్దావిడ పప్పు, పసుపు, రెండు పచ్చిమిరపకాయలు వేసి మూత బిగించారు. అల్లుడుగారు వెనకాల చుక్కాని దగ్గర నిలబడి ముందున్న వంతెన వైపు చూస్తున్నారు. వంతెన అవతల మలుపు, ఏమీ కనబడదు. సరిగ్గా అప్పుడే నేను మొదటి విజిల్ వేశాను.

ఆయన అది ఎదురు పడవ హారన్ అనుకున్నారు. ఒక్కసారిగా రివర్స్ వేశారు. రివర్స్‌లో చుక్కాని మాట వినదని యార్డు మనిషి చెప్పిన సంగతి ఫోన్లో ఉంది, ఆయనకు గుర్తులేదు. పడవ తాపీగా అడ్డం తిరిగి, ముక్కు ఒక గట్టు రెల్లులోకీ తోక రెండో గట్టు దగ్గరికీ చేరింది. నేను రెండో విజిల్ వేశాను. ఎదురుగా వంతెన కింద ఒక బాతు తప్ప ఇంకేమీ రాలేదు.

"ఏమండీ, అది మన పప్పండీ!" అని అమ్మాయి లోపలి నుంచి అరిచింది. మనవరాలు పొడుగు కర్ర పట్టుకుని పైకెక్కబోతే నాన్న కేకేసి ఆపారు. ఆయనే గట్టు మీదికి దిగి నెట్టి పడవను దారిలోకి తెచ్చుకున్నారు. మోకాళ్ళ దాకా బురదతో లోపలికొచ్చి, ఇకమీదట గట్టుకు కట్టాకే వంట అన్నారు, వీలైనంత మర్యాదగా.

"అలాగే బాబూ. మరి మీరు హారన్ కొడితే నేను పొయ్యి కట్టెయ్యాలా?" అన్నారు పెద్దావిడ.

తర్వాత చర్క్ సొరంగం ముందు ఆయన హారన్ నొక్కగానే, ఆవిడ నిజంగానే లేచొచ్చి పొయ్యి మీట చూసి వెళ్ళారు.