ఒక్క ఆటకే కట్టేస్తే ఎట్ల?

మా రోజుల్లో నంద్యాలలో "నీది ఏ ఆట?" అని పిల్లోణ్ణి ఎవరూ అడిగేవాళ్లు కాదు. పంట కోసిన చేలో క్రికెట్టు, వానకు నేల మెత్తబడితే చెడుగుడు, బడి వదిలినాక బాల్ బ్యాడ్మింటన్. సెలవులకు ఆళ్లగడ్డలో మేనమామ ఇంటికి పోతే బిళ్లంగోడు. ఇప్పుడేమో ఆరేళ్లకే అకాడమీలో చేర్చి, మావాడు క్రికెటర్ అని ముద్ర వేస్తున్నారు. వాడు సరదాకి టెన్నిస్ రాకెట్ పట్టుకుంటే కోచ్‌కు కోపం. మణికట్టు పాడైపోతుందంట!

కోటా రామస్వామి మణికట్టు ఏం పాడైందో ఆ కోచ్‌లను చెప్పమనండి. 1896లో మద్రాసులో పుట్టిన తెలుగాయన. దక్షిణాదిన మనవాళ్ల క్రికెట్టుకు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడి కొడుకు. తల్లి తరఫు తాతగారింటికి దత్తత పోవడంతో ఇంటిపేరు కోటా అయింది. కేంబ్రిడ్జిలో చదువుకుంటూ 1922లో డేవిస్ కప్‌లో దేశం తరఫున టెన్నిస్ ఆడాడు. తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేశాడు. మన నంద్యాలలో 1906 నుంచి ఉన్న పరిశోధన క్షేత్రం అప్పట్లో ఆ శాఖదే.

అలాంటి ఉద్యోగస్తుడు 1936 జులైలో మాంచెస్టర్‌లో మొదటి టెస్టు ఆడాడు, నలభై ఏళ్లు నిండినాక! ఇప్పుడు ముప్పై అయిదు దాటితే చాలు, ఇక ఇంటికి పొమ్మంటున్నారు. మొదట మనవాళ్లు 203కే ఆలౌట్, ఆనక ఇంగ్లండు 571 కొట్టి కూర్చుంది. మన 203లో ఈయనవి 40. రెండోసారి విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ సెంచరీలు కొట్టిన ఇన్నింగ్స్‌లో ఈయనవి 60. మ్యాచ్ చేజారకుండా డ్రా చేసుకున్నారు. తర్వాత ఓవల్‌లో 29, అవుట్ కాకుండా 41. ఆడింది రెండే టెస్టులు, సగటు 56.66. రెండాటల్లోనూ దేశానికి ఆడిన మనిషి!

ఐపీఎల్ వేలంలో ఎవరు ఎన్ని కోట్లకు పోయారో మా మనవడికి కంఠతా వచ్చు. రామస్వామి పేరెత్తితే "ఎవరు తాతా?" అన్నాడు. వాణ్ణేమనగలను? ఏ బళ్లోనూ చెప్పలేదు కదా. 1985లో, ఎనభై తొమ్మిదో ఏట, మద్రాసులో ఇంట్లోంచి బయటికి వెళ్లిన ఆ పెద్దాయన మళ్లీ తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఇప్పటికీ తేలలేదు. తలుచుకుంటే గుండె పిండేస్తుంది.

మణికట్టు సంగతంటారా, ఆళ్లగడ్డలో రాయి చెక్కే ఇళ్లలో చూడండి, ఉలీ సుత్తీ పట్టి పెరిగిన పిల్లల మణికట్టు ఎంత గట్టిదో! వాళ్లకు రాకెట్ ఇచ్చి చూడండ్రా అంటే, "ఆడే చోటేదీ?" అని నన్నే అడుగుతారు. అదీ నిజమే. నంద్యాలలో మేడ మీద మేడ కట్టి బడి అంటున్నారు, దానికి జానెడు నేల ఉండదు. నేల ఉన్న బడికేమో సాయంత్రం గేటుకు తాళం. ఆ తాళమన్నా తీయండయ్యా. నెట్ లేకపోతే నులకతాడు కట్టుకుని ఆడతారు. మేం ఆడలేదా?