పద్మానగర్ హెడ్మాస్టరు

మహారాష్ట్రలోని భివండిలో పగటిపూట పదేళ్ల పిల్లవాడు ఇంటి గడపలో కనబడితే వేరే ఊళ్లలోలాగా జ్వరమా, సెలవా అని అడగరు. "సాంచల మీదికి పంపుతున్నవా ఏంది?" అంటారు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి తరాల కింద వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలు సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే ఊరిది. కండెలు చుడుతూనే మీసాలొచ్చినవాళ్లు ఇక్కడి పద్మానగర్‌లో ప్రతి గల్లీలోనూ ఉన్నారు. వాళ్లకు ఇంట్లో ఉన్న పిల్లవాడంటే పనికి పోతున్న పిల్లవాడే. ఇలాంటి చోట కొడుకును బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తానని బయల్దేరినవాడు ఎంత అరుదో, అంత ప్రసిద్ధుడు. గల్లీ అతనికి హెడ్మాస్టరు అని పేరు పెట్టింది.

హెడ్మాస్టరు అసలు ఉద్యోగం ఒక కార్ఖానాలో మెహతాజీగిరీ. తానుల లెక్క, నూలు లెక్క, కార్మికుల పగార్లు అన్నీ అతని చేతి మీదుగానే నడవాలి. జేబులో రెండు పెన్నులుంటాయి. నీలంది సేటు కోసం, ఎర్రది కొడుకు కోసం. పగార్ లెక్కలో మూడు రూపాయలు తేడా వస్తే నిద్రపోని మనిషి కనుక, కొడుకు నోట్‌బుక్‌లో ఒక్క కొమ్ము తప్పిపోయినా అన్నం ముట్టడు.

ఈ పిచ్చి 2020లో పట్టింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. సాంచలు ఆగిపోయాయి, నాలుగో తరగతి కాస్తా ఫోన్లోకి వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే కాబట్టి కొడుకు పక్కన కూర్చుని తండ్రి కూడా నెలల తరబడి అదే పాఠం విన్నాడు. గంటలో సగం "వినబడుతోందా? వినబడుతోందా?" అనడానికే పోవడం గమనించాడు. "గింతేనా? ఇది నాకు రాదా?" అనుకున్నాడు. బళ్లు తెరిచిన వారంలోనే వెళ్లి కొడుకు పేరు కొట్టివేయించుకుని దాఖలా పట్టుకొచ్చాడు.

అప్పటినుంచి అతని ప్రధాన సబ్జెక్టు సంజాయిషీ. విద్యాహక్కు చట్టం జిరాక్సు కాపీ ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఆ చట్టం, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అంటుంది. ఇంట్లో చదివిస్తే నేరమని అందులో లేదు. చదివించవచ్చని కూడా లేదు. ఆ రెండు లేకపోవడాల మధ్య మనవాడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ధైర్యం మాత్రం జిరాక్సు కాపీ అంత గట్టిది కాదు. 2015 జూలై 4న మహారాష్ట్ర అంతా ఒకే రోజు బడి బయటి పిల్లల లెక్క తీసి, దొరికిన పిల్లల వేలికి సిరా చుక్క పెట్టిన సంగతి అతనికి బాగా గుర్తు. అందుకే రిజిస్టరు చంకలో పెట్టుకుని ఎవరు గల్లీలోకి వచ్చినా కొడుకును టేబుల్ ముందు కూర్చోబెట్టి పదమూడో ఎక్కం గట్టిగా చదివిస్తాడు. వచ్చినవాడు కరెంటు మీటరు చూసుకుని, ఎక్కం పూర్తిగా విని, తలూపి వెళ్లిపోతాడు.

బంధువులతో వాదనకు మాళవికా జోషి పేరు వాడతాడు. ముంబయి అమ్మాయి, ఇంట్లోనే చదువుకుంది, అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచింది, పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేకుండానే 2016లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో సీటు తెచ్చుకుంది. ఇదంతా ఒక్క ఊపిరిలో చెబుతాడు. ఎదురింటి పెద్దమనిషి బీడీ ఆర్పి, "ఆ పిల్ల కోసం తల్లి నౌకరీ ఇడిసిపెట్టిందట గద బావా. మరి నువ్వు మెహతాజీగిరీ ఎప్పుడిడుస్తవ్?" అని అడుగుతాడు. హెడ్మాస్టరుకు అప్పుడే కార్ఖానాలో పని గుర్తొస్తుంది.

గోడమీది టైంటేబుల్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ కింద కార్ఖానాలో సాంచలు టకటకలాడుతుంటే పైగదిలో వ్యాకరణం చెప్పాలంటే అరవాలి. తండ్రి "సంధి" అని అరిస్తే కొడుకు "సందులో ఎవలు?" అని కిటికీలోంచి చూస్తాడు. కరెంటు పోయినప్పుడే అసలు తరగతి. ఊరు ఊరంతా కరెంటు పోయిందని తిట్టుకునే వేళ ఆ ఇంట్లో మాత్రం పాఠం మొదలవుతుంది.

లెక్కలు కూడా పుస్తకంలోంచి రాలేదు. ఒకరోజు కొడుకు నూలు నంబరంటే ఏమిటని అడిగాడు. పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అది ఆ నంబరు అని మెహతాజీ ఠక్కున చెప్పాడు. పిల్లవాడు వేళ్లు, పెన్సిలు కలిపి లెక్కేశాడు. అరవై నంబరు నూలైతే పౌనుకు 50,400 గజాలు, అంటే 46 కిలోమీటర్లు. "నాయినా, ఈడ్నించి గుంజుకుంట పోతే దాదర్ దాటుతమా?" అన్నాడు. ఏళ్లుగా ఆ నంబర్లు రాస్తున్న తండ్రికి నూలును ఎటైనా గుంజుకుపోవచ్చని ఎన్నడూ తోచలేదు. ఆ రాత్రి కార్ఖానాలో ఆపరేటర్లందరినీ పిలిచి మరీ చెప్పాడు.

చరిత్ర పాఠానికి వజ్రేశ్వరి వెళ్లారు. 1739లో పోర్చుగీసుల నుంచి వసై కోట గెలుచుకున్న పేష్వాల సేనాని చిమాజీ అప్పా మొక్కు తీర్చుకోవడానికి కట్టించిన గుడి అది. దగ్గర్లోనే తాన్సా నది ఒడ్డున వేడినీటి కుండాలున్నాయి. తండ్రి పేష్వాల గురించి చెబుతుంటే కొడుకు నీళ్లలో వేలు పెట్టి, కింద పొయ్యి ఎవరు పెట్టారని అడిగాడు. చరిత్ర అక్కడితో ఆగి భూగర్భశాస్త్రం మొదలైంది. అది హెడ్మాస్టరుకు రాదు. ఇంటికొచ్చి ఇద్దరూ కలిసి చదువుకున్నారు.

తెలుగు అక్షరాలు మాత్రం నేర్పింది అతను కాదు. గల్లీలో హిందీ, బజార్లో మరాఠీ మాట్లాడే పిల్లవాడికి అఆలు దిద్దించింది తల్లి. కార్పొరేషన్ తెలుగు బడిలో ఏడో తరగతి చదివిన ఆమె, ఒక చేత్తో కండెలు సర్దుతూనే నోటితో ఒత్తులు దిద్దించింది. ఎర్ర పెన్ను లేదు, టైంటేబుల్ లేదు. తప్పు రాస్తే "మళ్ల రాయి బిడ్డా" అంటుంది, అంతే.

ఇప్పుడు పిల్లవాడికి పదో తరగతి వయసు. బోర్డు పరీక్ష ప్రైవేటుగా రాయాలంటే మహారాష్ట్రలో అందరూ చెప్పే 17 నంబర్ ఫారం నింపాలి. దానికి బడి వదిలిన దాఖలా జతచేయాలి. ఇన్నేళ్లూ "మా వాడు బడి మానలేదు, బడే మా ఇంటికొచ్చింది" అని చెప్పుకున్న మనిషి, ట్రంకుపెట్టె అడుగున బట్టల కింద దాచిన ఆ కాగితాన్ని తలుపేసుకుని మరీ తీశాడు.

కాగితం బయటికొచ్చిన సంగతి సాయంత్రానికే గల్లీకి తెలిసింది. ఎదురింటి పెద్దమనిషి మనవణ్ని చెయ్యి పట్టుకుని వచ్చాడు.

"వీనికి లెక్కలు వస్తలేవు బావా. రోజు ఓ గంట కూసోబెట్టుకో. బడి మాత్రం మాన్పియ్య, ముందే చెప్తున్న. ఫీజెంత?"

హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, విద్యాదానం గురించి ప్రసంగం మొదలుపెట్టబోయాడు. లోపలినుంచి భార్య గొంతు ముందే వచ్చింది.

"నెలకు రెండొందలు, అన్నా. నోట్‌బుక్కు మీరే తెచ్చుకోవాలె."