బి-15 చెప్పిన బి-15 కథ

ఇది ఒక ఆంప్లిఫయర్ ఆత్మకథ. పేరు ఆంపెగ్ పోర్టాఫ్లెక్స్ బి-15. పుట్టింది 1960లో, అమెరికాలో. బేస్ గిటార్ తీగ చేసే సన్నని చప్పుడును గది నిండేంతగా పెంచడం దీని పని. తీగ పలికినదాన్నే పెద్దది చేయాలి తప్ప ఆంప్లిఫయర్ తన గొంతు కలపకూడదని ఆంపెగ్ కంపెనీ స్థాపకుడు ఎవరెట్ హల్ పట్టుదల. ఆ పెంపకం వల్లనే కాబోలు, ఈ పెట్టె తన కథలో కూడా 'నేను' అనదు.

హల్ స్వయంగా బేస్ వాయించేవాడు. నిలువెత్తు డబుల్ బేస్ నాదం డ్రమ్ముల, బాకాల హోరులో మునిగిపోయేది. 1940ల్లో అతను ఆ వాద్యం అడుగున ఉండే ఊతకర్రలో పికప్ అమర్చి వ్యాపారం మొదలుపెట్టాడు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాక మంద్రస్వరాలు గిటార్ రూపంలో భుజానికెక్కాయి. బోలు లేని కొయ్యపలక కాబట్టి ఆంప్లిఫయర్ లేకపోతే ఆ గిటార్ దాదాపు మూగది. అలాంటి గిటార్లకూ పాత డబుల్ బేస్‌లకూ పనికొచ్చేలా ఈ పెట్టెకు రూపమిచ్చినవాడు జెస్ ఆలివర్. 15 అంగుళాల స్పీకర్ ఒకటి, మొదట్లో 25 వాట్ల శక్తి, అంతా వాల్వుల పని. మూత తిరగేస్తే వాల్వులున్న భాగం పైకొస్తుంది. కచేరీ అయ్యాక మళ్లీ తిరగేసి గడియలు వేస్తే, నాటకాల హార్మనీ తన పెట్టెలోకి తాను ముడుచుకున్నట్టు, లోపలికి వెళ్లిపోతుంది. 1960ల్లో కంపెనీ న్యూజెర్సీలోని లిండెన్‌లో ఉండేది. ఇవాళ తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఎడిసన్ అక్కడికి ఎంతో దూరం కాదు.

దీని పేరు మోగింది మాత్రం మెంఫిస్, డెట్రాయిట్ పాటలతో. మెంఫిస్‌లో పాత సినిమా హాలును స్టూడియోగా మార్చుకున్న స్టాక్స్ సంస్థలో డొనాల్డ్ 'డక్' డన్ దీన్ని వాడాడు. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థకు వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరునూ దీనికి ముడిపెడతారు. క్లబ్బుల్లో అతను బి-15 వాడిన మాట నిజమే. స్టూడియోలో మాత్రం అతని ఫెండర్ బేస్ నాదం ఎక్కువగా వైరు గుండా నేరుగా కన్సోల్‌లోకే వెళ్లింది. అంటే జనం బి-15 శబ్దమని మెచ్చుకునే ఆ పాటల్లో చాలావాటికి ఈ పెట్టె చేసిందేమీ లేదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా మోటౌన్ ఆల్బమ్ అట్టల మీద జేమర్సన్ పేరే వేయలేదు. వాయించినవాడికి రాని పేరు, వాయించని పెట్టెకు వచ్చింది.

ఇంట్లో రికార్డింగ్ కోసం చిన్న ఆంప్లిఫయర్ కొనాలనుకునేవాళ్లకు ఈ సంగతి మొదట తెలియాలి. బేస్ రికార్డు కావడానికి ఆంప్లిఫయర్ అక్కర్లేదు. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం ఇచ్చిన ఇన్‌పుట్‌కు వైరు పెడితే కంప్యూటర్‌లోకి నాదం చేరుతుంది. ఆంప్లిఫయర్ కావలసింది వాయించే మనిషికి. తీగ మీటగానే గాలిలోంచి జవాబొస్తే చేతి బరువు మారుతుంది, తాళం నిలుస్తుంది. స్పీకరూ వాల్వులూ నాదానికి తెచ్చే గరుకుదనం కావాలనుకున్నప్పుడు రికార్డింగ్‌లోనూ దానికి చోటుంటుంది. ఆ గరుకుదనాన్నే హల్ అసహ్యించుకునేవాడు. బి-15 వాల్యూమ్‌ను బాగా పెంచినప్పుడు వచ్చే చిరు వక్రీకరణ కోసమే ఇవాళ పాత పెట్టెలు వెతుక్కుంటున్నారు.

వాట్ల గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు గట్టిగా వినిపించాలంటే సుమారు పదింతలు కావాలి. పడకగదికి 15 నుంచి 40 వాట్లు ధారాళంగా సరిపోతాయి. డ్రమ్ములతో కలిసి వాయించాలంటే ఆ లెక్క వేరు.

స్పీకర్ విషయంలో మరికాస్త జాగ్రత్త అవసరం. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం 41 హెర్ట్జ్. చిన్న పెట్టెలోని 8 అంగుళాల స్పీకర్ ఆ మూలస్వరాన్ని నిండుగా పలకలేదు. అయినా స్వరం వినిపిస్తుంది. 82, 123 హెర్ట్జ్ దగ్గరి అనుస్వరాలు విని, లేని మూలాన్ని మెదడు పూరించుకుంటుంది. సాధనకు ఈ మాయ చాలు. మైకుకు మాత్రం మెదడు లేదు. పెట్టె పలకనిది రికార్డులో ఉండదు. మైకు పెట్టి రికార్డు చేసే ఉద్దేశం ఉంటే 10 లేదా 12 అంగుళాల స్పీకర్ చూసుకోవాలి.

అన్నిటికంటే చిక్కు గదితో. 41 హెర్ట్జ్ తరంగం పొడవు 8 మీటర్ల పైమాట. పదడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగం ఏర్పడుతుంది. ఎ తీగను వట్టిగా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. కాబట్టి ఆ ఒక్క స్వరం గోడ దగ్గర ఉప్పొంగుతుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. అటూ ఇటూ ఉన్న స్వరాలు మామూలుగానే ఉంటాయి. చెయ్యి సరిగా పడలేదని వాయించేవాడు అనుమానపడతాడు, ఆంప్లిఫయర్ మంచిది కాదని ఇంకొకటి కొంటాడు. తప్పు రెండిటిదీ కాదు. గోడకు అంటించే పల్చటి ఫోమ్ ముక్కలు ఇంత పొడవైన తరంగాన్ని ఆపలేవు. ఆంప్లిఫయర్‌ను మూల నుంచి ఇవతలికి జరిపి, నేల మీద కాక స్టూలు మీద పెట్టి, వాల్యూమ్ తగ్గించడమే చవకైన వైద్యం. అపార్ట్‌మెంట్లలో వాల్యూమ్ తగ్గించడానికి ఇంకో కారణం కూడా ఉంది. శ్లాబు దాటి కింది ఫ్లాటుకు పాట చేరదు, బేస్ ఒక్కటే చేరుతుంది.

అందుకే కొనేటప్పుడు పెట్టె అందం కన్నా దానికున్న రంధ్రాలు చూడటం మంచిది. హెడ్‌ఫోన్ రంధ్రం తప్పనిసరి. అది పెడితే స్పీకర్ ఆగిపోవాలి. పాట వినిపిస్తూ దానితోపాటు వాయించడానికి ఆక్స్ ఇన్‌పుట్ ఉండాలి. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ ఉంటే ఆంప్లిఫయర్ టోన్‌తో సహా నాదాన్ని మైకు లేకుండానే ఇంటర్‌ఫేస్‌కు పంపవచ్చు. ఈ చివరిది చాలా చిన్న పెట్టెల్లో ఉండదు. ఫెండర్ రంబుల్ వరసలో 8 అంగుళాల స్పీకరున్న 25కు లేదు, 10 అంగుళాల 40కి ఉంది. ఆంపెగ్ పేరుతోనే వస్తున్న రాకెట్ బేస్ వరసలో 50 వాట్ల ఆర్‌బి-110కి ఉంది. రికార్డింగే ముఖ్యమైతే ఆ ఒక్క రంధ్రం కోసం పైమెట్టుకు వెళ్లడం దండగ కాదు. ఈ విషయంలో బి-15 గొప్పలకు పోలేదు. తొలినాటి పెట్టెకు హెడ్‌ఫోన్ రంధ్రమూ లేదు, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ కూడా లేదు. పైగా వాల్వు ఆంప్లిఫయర్‌కు స్పీకర్ తీసేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. చప్పుడు లేకుండా రికార్డు చేయడం దీనికి చేతకాదు.

మైకు పెట్టదలచుకుంటే స్పీకర్ గుడ్డకు దగ్గరగా పెట్టడం మేలు, అప్పుడు గది తక్కువ వినిపిస్తుంది. స్పీకర్ శంకువు నడిమధ్యకు గురిపెడితే వేలి చప్పుడు తేటగా వస్తుంది, అంచుకు జరిపితే నాదం మెత్తబడుతుంది. ఎలక్ట్రో-వాయిస్ ఆర్‌ఈ20 లాంటి డైనమిక్ మైకులకు స్టూడియోల్లో ఈ పని అలవాటే. వైరు నాదాన్నీ మైకు నాదాన్నీ రెండు ట్రాకుల్లో కలిపేవాళ్లు ఒకటి గమనించాలి. మైకు 34 సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాని నాదం సుమారు ఒక మిల్లీసెకండు ఆలస్యంగా వస్తుంది. రెండూ కలిసినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, బేస్ బక్కచిక్కుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మైకు ట్రాకును ఆ కాస్త ముందుకు జరిపితే సరిపోతుంది.

ఈ పెట్టె నాదాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. వైరుతో రికార్డు చేసుకున్న బేస్‌ను తర్వాత వాటి గుండా పంపితే వాల్వుల గరుకుదనం చాలామటుకు వస్తుంది. బి-15కు ఇందులో అభ్యంతరమేమీ లేదు. అసలు పెట్టె కన్నా చాలా చవక, వాల్వులు మార్చే పని లేదు, మెట్లెక్కించే బరువు అసలే లేదు.

అయినా అసలుదే కావాలని అమెరికా నుంచి పాతది తెప్పించుకునేవాళ్లు దాని వోల్టేజీ చూసుకోవాలి. అక్కడి 117 వోల్టుల పెట్టెను ఇక్కడి 230 వోల్టులకు తిన్నగా తగిలించకూడదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. కొత్త చిన్న పెట్టె కొనేవాళ్లు దుకాణంలోనే హెడ్‌ఫోన్ పెట్టి, తీగలను అరచేత్తో ఆపి, వాల్యూమ్ పూర్తిగా పెంచి వినాలి. గుయ్‌మనే రొద, బుస అప్పుడే బయటపడతాయి. హెడ్‌ఫోన్ తీసి, అన్నిటికంటే కింది స్వరాన్ని సాగదీసి మీటి, పెట్టె పలకలు గలగలలాడుతున్నాయేమో చెయ్యి ఆనించి చూడాలి. ఆ గలగల ఉంటే మైకులో తప్పకుండా పడుతుంది.