వ్యాను రాకడ, ఉద్యోగం పోకడ

దేశదేశాల్లో మనుషుల్ని పనిలో పెట్టుకోవడం, కట్టిపడేయడం, తీసేయడం ఎలాగో తెలీక బహుళజాతి కంపెనీల హెచ్ఆర్ దొరలు తెగ ఇదైపోతున్నారట. స్టార్ హోటళ్లలో సదస్సులట, గంటల లెక్కన లాయర్ల ఫీజులట. ఎందుకబ్బా ఆ ఖర్చు? నెల్లూరు జిల్లా ముత్తుకూరు బస్సెక్కి ఇట్లా రండి.

మీ కష్టం పగవాడికి కూడా వద్దు. 'మానేశాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరను' అని ఇంజనీరు చేత సంతకం పెట్టిస్తారు. వాడు మానేసిన మర్నాడే చేరతాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ఆ షరతు చెల్లదు పొమ్మంటుంది. ముప్పై పేజీల ఒప్పందం పకోడీల పొట్లానికి పోతుంది.

మా వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడమనిషికి అంత కాగితం దండగ. వీసా 20వ నంబరుది, ఆకామా (నివాస అనుమతి) కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పేరు మీద, పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో. పనిమనిషి పాస్‌పోర్టు దాచుకోవడం అక్కడి 2015 చట్టం ప్రకారమే తప్పు. బీరువాకు చట్టం చదవడం రాదు కదా! వేరే ఇంట్లో చేరాలంటే మామూలుగా ఆ కఫీలే సరేననాలి. చెప్పకుండా గడప దాటితే పరారీ కేసు, 'ఖల్లివెల్లి' అనే బిరుదు. పోటీ ఇంట్లో చేరకుండా ఆపడమంటే అదీ!

ఇక తీసేయడం. అది కృష్ణపట్నం దారిలో చూడాలి. తెల్లారకముందే ఊరి మొగదల వ్యాను ఆగుతుంది, టిఫిను డబ్బాలతో ఆడవాళ్లు ఎక్కుతారు. రొయ్యల ఫ్యాక్టరీలో ఐసునీళ్లలో చేతులు పెట్టి తలలు తీస్తారు, పొట్టు వలుస్తారు. వేళ్లు మొద్దుబారాక ముల్లు గుచ్చుకున్నా తెలీదు. కూలి కిలోల లెక్క. 2025 ఆగస్టు 27న అమెరికా రొయ్యలతో సహా మన సరుకుపై సుంకాన్ని 50 శాతం చేసింది. అంత దూరాన ట్రంప్ సంతకం పెడితే ఇక్కడ నోటీసెవరిస్తారు? ఆర్డరు లేని రోజున వ్యాను రాదు, అంతే.

చట్టం లేదని ఎవరన్నారు? 2025 నవంబరు 21 నుంచి కొత్త కోడే వచ్చింది. 300 మంది, ఆపైన ఉన్న ఫ్యాక్టరీ సిబ్బందిని తగ్గించాలంటే సర్కారు అనుమతి కావాలి, పనిచేసిన ఏడాదికి పదిహేను రోజుల జీతం పరిహారమివ్వాలి. దివ్యంగా ఉంది. కాకపోతే ఆ రొయ్యలు వలిచే ఆమె పేరు కంపెనీ మస్టరులో ఉండాలి. ఉన్నది కూలీలను తెచ్చే మేస్త్రీ జేబులోని నోటుబుక్కులో. ఆ పేజీ చింపడానికి ఏ సర్కారు అనుమతీ అక్కర్లేదు.

వెళ్లిపోయేవాళ్లను కూర్చోబెట్టి 'ఎగ్జిట్ ఇంటర్వ్యూ' చేసే ముచ్చట కూడా మీకుందట. మాకూ ఉంది. ఆమె పొద్దుట్నుంచి ఫోన్ చేస్తూనే ఉంటుంది, మేస్త్రీ ఎత్తడు.