బ్రాకెట్టు పద్యమునకు టీకా తాత్పర్యము

పాత కారునందుఁ బగిలిన బ్రాకెట్టు
చేయి చొరని చోటఁ జేరియుండు
దాని విప్పవలెను దానికి నడ్డైన
వెల్ల విప్పి; మరల వేయవలయు.

అవతారిక: ఈ యాటవెలదికి కర్త యెవరని యడుగువారికి, వ్యాఖ్యాతయే కర్తయని ముందుగా విన్నవించుచున్నాను. తన పద్యమునకు తానే వ్యాఖ్య వ్రాసికొనుట పండితులు మెచ్చని పనియే. కాని యిందలి విషయమునకు వ్యాఖ్య వ్రాయదగినవారు పానా పట్టినవారు. పానా పట్టినవారికి కలము పట్టు తీరిక యుండదు. పద్యము మాత్రము వ్యాఖ్య లేక నిలువదు. కావున నీ సాహసము.

ప్రతిపదార్థము: పాత కారునందున్ = ఏండ్లు మీఱిన పరుగుబండి యందు; పగిలిన = అదురుచేత బీటవాఱి రెండు తునుకలైన; బ్రాకెట్టు = ఒక పరికరమును ఇంజనునకు పట్టియుంచు లోహపు చట్టము; చేయి చొరని చోటన్ = హస్తప్రవేశమునకు వీలు కాని సందునందు; చేరియుండున్ = ఒదిగి కూర్చుండును; దానికిన్ అడ్డైనవి ఎల్లన్ విప్పి = దాని దారికి అడ్డుపడు సమస్త వస్తువులను ఊడదీసి; దానిన్ విప్పవలెను = ఆ బ్రాకెట్టును ఊడదీయవలెను; మరలన్ = తిరిగి; వేయవలయున్ = అమర్చవలయును.

విశేషార్థము: ‘పాత కారు’ అని పద్యమున సామాన్యముగా చెప్పబడినను, లక్ష్యము లేని లక్షణము గాలిలో వ్రాసిన వ్రాత గనుక, మాజ్డా వారి ఎమ్‌ఎక్స్-5 బండి తొలి తరమును, అందును మొదటి యింజను గలదానిని, ఇచ్చట గ్రహించుచున్నాను. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనమున మొదట లోకమునకు కనబడి, జపానులో యూనోస్ రోడ్‌స్టర్ అనియు అమెరికాలో మియాటా అనియు పిలువబడి, హిరోషిమా కార్ఖానా నుండి దేశదేశములకు పోయిన యీ బండి యిద్దఱికి మాత్రమే చోటిచ్చునది. గుడ్డ పైకప్పు గలది. పగలు బానెట్టులో దాగి, మీట నొక్కినంతనే పైకి లేచు దీపములు గలది. తూకమున వేయి కిలోలకు లోపు. దీని నిర్మాణమునకు పెద్దయై యుండిన తోషిహికో హిరాయ్ గారును, వారి తోడివారును, గుఱ్ఱమును రౌతును ఒక్క దేహమై కదలినట్లు బండియు నడుపువాడును ఏకము కావలెనని ‘జిన్బా ఇత్తాయ్’ అను మాటను సంకల్పముగా పెట్టుకొనిరి. సంకల్పము నెఱవేఱినదని నడిపినవారందఱును ఒప్పుకొందురు. లాడము కొట్టువానిని మాత్రము ఎవరును సంప్రదించినట్లు కానరాదు.

‘చేయి చొరని చోట’ అనుచోట వ్యాఖ్యాత ఆగక తప్పదు. పద్యమునకు ప్రాణమిచ్చటనే యున్నది. ఆ చోటు ఎవరి పాపము వలన ఏర్పడినది? ఈ బండి ఇంజను, 1597 ఘన సెంటీమీటర్లది, ఆ సంస్థ వారి కుటుంబపు కారైన ఫమిలియా వంశమునకు చెందినది. ఆ కారులో త్రిప్పవలసినవి ముందు చక్రములు గనుక ఇంజను అడ్డముగా పరుండియుండును. దాని రెండు కొసలును కుడి యెడమలకు తిరిగి, బానెట్టెత్తిన మెకానిక్కుకు సులువుగా చేతికందును. పరుగుబండిలో త్రిప్పవలసినవి వెనుక చక్రములు. అందుచేత ఆ యింజనునే పొడవుగా త్రిప్పి, ముందువెనుకల బరువు సమముగా పంపిణీ కావలెనని ముందు ఇరుసునకు వెనుకగా జరిపి కూర్చుండబెట్టిరి. ఆ జరుపుటతో, ఇంటి కారులో ప్రక్కగా నుండి పలుకరించిన కొస, పరుగుబండిలో ఇంజనునకును మనుష్యులు కూర్చుండు గదికిని నడుమ నున్న రేకుగోడ చెంతకు పోయి ముసుగు తన్నెను. నిప్పురవ్వను పుట్టించు కాయిళ్లు, కామ్‌షాఫ్టు తిరుగు కోణమును కనిపెట్టు సెన్సారు, హీటరునకు వేడినీరు కొనిపోవు గొట్టములు, అన్నియు ఆ సందులోనే కాపురము. మలుపులలో బండి యంత సొగసుగా తిరుగుటకు ఏది కారణమో, బ్రాకెట్టు చేతికందకపోవుటకును అదియే కారణము. గుణదోషములు రెండును ఒకే గీతతో కాగితముపై గీయబడినవి.

ఇక పూర్వపక్షము. చేయి చొరని చోటైనచో విప్పుట యెట్లు? విప్పవచ్చునన్నచో చొరనిదనుట యెట్లు? పద్యము తన మాటను తానే ఖండించుకొనుచున్నది గదా యని యొక శంక. దీనికి సమాధానము: బానెట్టు తెఱచి, ఇంజను తలమీద పాతగుడ్డ పఱచి, దానిపై బోర్లపడి, రెండు చేతులను తలకు ఇరువైపుల నుండి వెనుకకు పోనిచ్చినచో చేయి చొరదనుట అబద్ధమని తేలును, కాని చేయి చొచ్చిన మాత్రమున ఆ సందు నిండిపోయి కన్నునకు చోటు మిగులదు. చేయి తీసినచో లాంతరు వెలుగు పడి బోల్టు కనబడును. కనబడిన బోల్టునకై చేయి చాచినచో వెలుగు పోవును. కన్నును చేయియు కలిసి చొరని చోటని కవిహృదయము. పైనున్న బోల్టులు ఎట్లో దర్శనమిచ్చును. క్రిందనున్న బోల్టు స్పర్శైకవేద్యము, అనఁగా వ్రేలి కొనకు మాత్రమే తెలియునది. దానిని వెదకువాని ముఖము ఆకసము వైపునకు తిరిగి, కన్నులు అరమూతలు పడి, పెదవులు కదలుచుండును. చూచినవారు జపమనుకొందురు, కదలుచున్నవి వేఱు మాటలు.

బ్రాకెట్టు పట్టియుంచునది ఇగ్నిషన్ కాయిళ్ల జతను. నాలుగు సిలిండర్లకు కాయిళ్లు రెండే. ఒకటవ నాలుగవ సిలిండర్లకు ఒకటి, రెండవ మూడవ వాటికి ఒకటి. ఒక్కొక్క కాయిలు ఒకేసారి రెండు ప్లగ్గులకు రవ్వ పంపును. అందొకటి గాలిపెట్రోలుల మిశ్రమమును మండించును, రెండవది పొగ వెడలుచున్న సిలిండరులో వెలిగి వ్యర్థముగా ఆఱిపోవును. వ్యర్థమైనదానిని మానిపింపరాదా యనరాదు. ఒకే చుట్టకు అవి రెండు కొసలు. ఇట్టి పరికరము ఊతము విఱిగి ఊగులాడినచో, తీగల ముడులు వదులై, బండి యెక్కుడు దిగుళ్లలో దగ్గుట మొదలిడును. యజమాని ప్లగ్గులు మార్చును, తీగలు మార్చును, పెట్రోలు బంకు వానిని నిందించును. విఱిగిన చట్టము మాత్రము చీకటిలో నిశ్చింతగా నుండును.

‘పగిలిన’ అనుటకు హేతువేమి? గట్టి లోహము ఊరక పగులునా? ఇచ్చట వ్రాతప్రతుల పరిష్కర్తలకు తెలిసిన న్యాయమొకటి పనికివచ్చును. వెనుక నెన్నడో ఈ కాయిళ్లను విప్పిన మహానుభావుడు, తిరిగి బిగించునపుడు, కనబడని క్రింది బోల్టు కనబడనిది గదాయని వదలిపెట్టును; తొందరలో నున్న లేఖకుడు కష్టమైన పాదమును దాటవేసినట్లు. పై బోల్టులు ఆ భారమును కూడ మోయుచుండ, ఇంజను అదురు నిమిషమునకు వేలమాఱులు ఆ చట్టమును అటునిటు వంచుచుండ, లోహము అలసి, వంపు వద్ద సన్నని బీట పుట్టి, క్రమముగా రెండగును. కావున పగిలిన బ్రాకెట్టును చేత పట్టినవాడు మొదట లెక్కింపవలసినది రంధ్రములను కాదు, దొరకిన బోల్టులను.

‘దానికి నడ్డైనవెల్ల’ అనుదాని పరిధిని గూర్చి వివాదము కలదు. ఇంజనునే పైకెత్తిన సర్వము సుగమమగు నని అతివాదులందురు. ఇంజను బ్రాకెట్టునకు ఆధారము గాని అడ్డు గాదు. ఆధారమును అడ్డని విప్పినవానికి విప్పుట యెక్కడ ఆగును? ఆ వాదము త్రోసివేయదగినది. విప్పవలసినవి యివి: ప్లగ్గు తీగలు, వాని వరుస తప్పకుండ గుర్తు పెట్టుకొని; కాయిళ్లకు వచ్చు తీగల ముడి; అడ్డు వచ్చు గొట్టముల పట్టీలు. సెన్సారును కదపకుండ పని జరిగిన మేలు. అది కొంచెము తిరిగినను రవ్వ పడు సమయము మాఱిపోవును. తీయక తప్పదన్నచో, దానికిని ఇంజను తలకును కలిపి సూదితో నొక గీత గీసి మఱి తీయవలెను. వీనియన్నింటికి ముందు బ్యాటరీ తీగ విప్పవలెను. అది బానెట్టు క్రింద నున్నదని వెదకువారు వెదకుచునే యుందురు. బరువు పంపకమునకై దానిని డిక్కీలో పెట్టిరి. బండి యీ మూలనున్న పనికి ఆ మూలనుండి ఆరంభము.

పాఠాంతరము: ఈ బండి బోల్టులలో ఎనిమిది మిల్లీమీటర్ల మందము గలవానికి జపాను సంప్రదాయమున పన్నెండు నంబరు పానా పట్టును. ఐరోపా సంప్రదాయమున అదే మందమునకు పదమూడు నంబరు. అంగుళముల పెట్టె గలవారు అరంగుళపు పానాను తెత్తురు. అది పన్నెండు దశాంశము ఏడు మిల్లీమీటర్లు. పదమూడును అరంగుళమును తలపై కూర్చుండును, పట్టినట్లే తోచును, బలము పెట్టగానే మూలలను అరగదీసి జాఱును. చూడని బోల్టుపై అపపాఠము ప్రయోగించినవాడు ఆ బోల్టునకు శాశ్వతత్వమును ప్రసాదించినవాడగును. పన్నెండే సాధుపాఠము, అదియు ఆఱు మూలల బాక్సు పానా, దానికి నడుమ వంగు కీలు, పొడుగు కడ్డీ, చిన్న రాచెట్టు.

‘మరల వేయవలయు’. దేనిని? కర్మపదము లేదు. పాత బ్రాకెట్టునేయని కొందఱు పొదుపరులు. వెల్డింగు చేయించి వేసినను, వంపు వద్ద అలసిన లోహము ప్రక్కనే తిరిగి పగులును గావున ఆ పక్షము నిలువదు. క్రొత్తదానిని, దానితోపాటు విప్పినవన్నింటిని అని అధ్యాహారము చేసికొనవలెను. మరమ్మతు పుస్తకములు ఈ ఘట్టమున విప్పిన క్రమమునకు విలోమముగా బిగింపుమని యొక ముక్క చెప్పి చేతులు కడుగుకొనును. విలోమక్రమము సత్యమే, కాని విప్పునపుడు క్రిందికి రాలిన బోల్టు గేరుబాక్సు మూపుపై పడి యుండును, విలోమమున అది పైకి రాలదు. అయస్కాంతపు కడ్డీ కావలయును. క్రింది బోల్టును బాక్సు పానాలో నిలుపుటకు మేస్త్రీలు కాగితపు తునుక నొకదానిని బోల్టు తలపై కప్పి లోనికి దూర్తురు. ఆ బిగువుకు బోల్టు తలక్రిందులైనను జాఱదు. మొదట అన్నింటిని వ్రేళ్లతో రెండు మూడు చుట్లు పట్టించిన తరువాతనే పానా ముట్టవలెను. ఇంజను తల అల్యూమినియము, బోల్టు ఉక్కు. వంకరగా ఎక్కించినచో అల్యూమినియపు మరలే ఓడిపోవును.

అలంకారము: స్వభావోక్తి. అతిశయోక్తి యన్నవారు ఒకమాఱు బానెట్టెత్తి చూడవచ్చును.

తాత్పర్యము: క్రొత్త బ్రాకెట్టు తెచ్చుకొనునపుడు బోల్టులను వాషర్లను కూడ లెక్కకు రెండెక్కువగా తెచ్చుకొనుడు, క్రింది బోల్టును ముందుగా పట్టించుడు.